లూవెన్‌లో చదువుకోవడానికి వచ్చాక: గది నుంచి కార్డు దాకా

బెల్జియంలోని లూవెన్‌కు 1425 నుంచీ విశ్వవిద్యాలయమే ప్రాణం. బ్రసెల్స్ విమానాశ్రయం కింద ఉన్న స్టేషన్‌లో నేరుగా రైలెక్కితే పావుగంటలో ఊళ్లో దిగుతారు. అక్కణ్నుంచి పనులన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. గది చిరునామా లేకపోతే నగర కార్యాలయంలో నమోదు జరగదు. నమోదు కాకపోతే నివాస కార్డు రాదు. కార్డు లేకపోతే పార్ట్‌టైమ్ పని దగ్గర కూడా చిక్కే. అందుకే మిగతా వాటికన్నా ముందు గది సంగతి తేల్చుకోవాలి.

విద్యార్థి గదిని ఇక్కడ అందరూ కొట్ అంటారు. చదువు సెప్టెంబరు చివర్లో మొదలవుతుంది కాబట్టి వేసవికల్లా మంచివన్నీ అయిపోతాయి. అడ్మిషన్ రాగానే విశ్వవిద్యాలయం హౌసింగ్ సర్వీసు నడిపే కొట్‌వైస్ జాబితాలో వెతకండి. గది గానీ ఒప్పందం గానీ చూపకుండా ముందే డబ్బు పంపమనేవాళ్లు మోసగాళ్లని అనుకోండి. అద్దె మరీ చౌకగా ఉండి, యజమాని విదేశంలో ఉన్నానని చెబుతుంటే ఇక మాటలు పెంచకండి.

ఒప్పందంలో మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది, ఆ చిరునామాలో మీ నివాసాన్ని నమోదు చేసుకోవడానికి యజమాని ఒప్పుకుంటున్నారా? బెల్జియం విద్యార్థులకు ఇంటి చిరునామా వేరే ఉంటుంది కాబట్టి కొన్ని ఒప్పందాల్లో దీన్ని ఒప్పుకోరు. మీకు ఇది తప్పనిసరి. కాబట్టి ఒప్పుకుంటున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. రెండోది, అడ్వాన్సు. లూవెన్ ఉన్న ఫ్లాండర్స్ ప్రాంతంలో 2019 నుంచి అమల్లో ఉన్న అద్దె చట్టం ప్రకారం విద్యార్థి గదికి రెండు నెలల అద్దెకు మించి అడగకూడదు. మూడోది, కరెంటు, నీళ్లు, హీటింగ్ ఖర్చులు అద్దెలో కలిసే ఉన్నాయా, మీటరు చూసి విడిగా లెక్కిస్తారా అన్నది. ఇవి విడిగా ఉంటే చలికాలంలో బిల్లు బాగా పెరుగుతుంది.

గదిలో దిగే రోజున ప్లాట్స్‌బెస్‌క్రైవింగ్ అనే పత్రం రాస్తారు. గది అప్పటికి ఏ స్థితిలో ఉందో అందులో ఉంటుంది. గోడ మీద మరక, పరుపు చిరుగు, కిటికీ దగ్గర బూజు, ఏది కనిపించినా రాయించి ఫోటోలు తీసి యజమానికి ఈమెయిల్ చేయండి. ఖాళీ చేసే రోజు అడ్వాన్సు కోతంతా ఈ కాగితాన్ని బట్టే ఉంటుంది. కోతల్లో తరచు కనిపించేది బూజు. కిటికీ మూసి, తడిబట్టలు రేడియేటర్ మీద ఆరేస్తే ఆ తేమంతా చల్లటి గోడకు పట్టి నల్లగా మారుతుంది. రోజుకు రెండుసార్లు, ఐదారు నిమిషాలు కిటికీ బార్లా తెరవండి. ఆ కాసేపు హీటింగ్ తగ్గించండి.

దిగిన ఎనిమిది పనిదినాల్లోపు నగర కార్యాలయంలో నమోదు కావాలి. లూవెన్‌లో ఇది స్టేషన్ పక్కనే ఉంది. సెప్టెంబరులో రద్దీ ఎక్కువ కాబట్టి ఇంటి దగ్గర ఉన్నప్పుడే ఆన్‌లైన్‌లో పని మొదలుపెట్టండి. డి వీసా (దీర్ఘకాల వీసా) ఉన్న పాస్‌పోర్టు, అద్దె ఒప్పందం, ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, ఫోటోలు, ఆరోగ్య బీమా పత్రం దగ్గర పెట్టుకోండి. ఆ తర్వాత మీరు నిజంగా అక్కడే ఉంటున్నారో లేదో చూడటానికి పేట పోలీసు చెప్పకుండా వస్తాడు. చాలామందికి పని ఆగేది ఇక్కడే. కాలింగ్ బెల్ మీద, పోస్టు డబ్బా మీద మీ పేరు లేకపోతే ఎవరూ లేరని వెళ్లిపోతాడు, ఫైలు అక్కడే ఉండిపోతుంది. దిగిన రోజే పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరు రెండు చోట్లా అంటించండి. చీటీ పెట్టి వెళ్తే అందులోని నంబరుకు వెంటనే ఫోన్ చేయండి.

తనిఖీ అయ్యాక కార్యాలయానికి పిలిచి వేలిముద్రలు తీసుకుంటారు. పిన్, పక్ కోడ్‌ల ఉత్తరం పోస్టులో వస్తుంది. కార్డు తీసుకునేటప్పుడు అది చేతిలో ఉండాలి, పారేయకండి. కార్డు వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక పత్రం బెల్జియంలో ఉండటానికే పనికొస్తుంది. పక్క దేశాలకు వెళ్లాలంటే డి వీసా గడువు ఉండాలి. ఆ గడువు తీరి కార్డు ఇంకా రాకపోతే క్రిస్మస్ సెలవులకు ఇండియా టికెట్ కొనకండి.

ఇండియా నుంచి తెచ్చుకునే సామాను గురించి కూడా ఒక మాట. పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు. అంటే నెయ్యి డబ్బా, పాలకోవా, మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి అన్నీ విమానాశ్రయంలో పోతాయి. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా తేకండి. పొడులు, ఆవకాయ, ఎండుమిర్చి తెచ్చుకోవచ్చు. చాలా గదుల్లో పొయ్యి ఇండక్షన్‌ది. దాని మీద అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కర్ తెచ్చుకోండి. మన మూడు పిన్నుల ప్లగ్ ఇక్కడి సాకెట్‌కు పట్టదు, అడాప్టర్ కావాలి. ఉమ్మడి వంటగదిలో తాలింపు పెట్టే ముందే ఎగ్జాస్ట్ వేసి, కిటికీ తెరవండి. మిరపకాయ మాడిందంటే స్మోక్ డిటెక్టర్ మోగి బిల్డింగంతా బయటికి రావాల్సి వస్తుంది. కుళాయి నీళ్లు తాగడానికి మంచివే, కానీ కఠినజలం. కెటిల్‌లో తెల్లగా పేరుకున్న సున్నాన్ని వెనిగర్ పోసి తొలగించాలి.

ఆదివారం చాలా దుకాణాలు మూస్తారు, ఫ్లెమిష్ విద్యార్థులు శుక్రవారమే ఇళ్లకు వెళ్లిపోతారు. కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకోండి. చెత్తకు గోధుమరంగు సంచులు, ప్లాస్టిక్, టిన్నులు, పాల డబ్బాలకు నీలం సంచులు సూపర్‌మార్కెట్‌లో కొనాలి. మామూలు క్యారీ బ్యాగులో కట్టి పెడితే తీసుకెళ్లరు, జరిమానా కూడా పడొచ్చు.

సైకిల్ లేకపోతే ఇక్కడ కాలూచేయీ ఆడదు. వెలో సంస్థ విద్యార్థులకు అద్దెకిస్తుంది. రాత్రి ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు లేకపోతే పోలీసులు ఆపుతారు. ఫోన్ చేతిలో పట్టుకుని తొక్కినా జరిమానే. గుర్తులు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. ఎడమవైపు నడిపే అలవాటుతో వచ్చినవాళ్లు మొదటి వారాల్లో దీన్ని మరిచిపోతారు. వానకు తడిసిన రాళ్ల వీధుల్లో బ్రేకు మెల్లగా నొక్కండి.

ఆరోగ్యానికి మ్యూచువాలిటైట్‌లో, అంటే ఇక్కడి ఆరోగ్య బీమా సంస్థలో చేరండి. డాక్టరుకు ముందు మీరు చెల్లిస్తే ఎక్కువ భాగం తిరిగి వస్తుంది. రాత్రిళ్లు, వారాంతాల్లో డ్యూటీ డాక్టరు కోసం 1733, ప్రాణాపాయంలో 112.

కోర్సు నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, సెలవుల్లో ఈ పరిమితి లేదు. ఏటా కార్డు పొడిగించేటప్పుడు చదువులో పురోగతి కూడా చూస్తారు. అందుకే అదనపు షిఫ్టు కోసం పరీక్ష వదులుకోవద్దు. గడువుకు రెండు నెలల ముందే దరఖాస్తు మొదలుపెట్టండి.