చిన్న వాల్వే కదా అని గ్యాస్ ఎక్కించే ముందు

ఫిబ్రవరి వచ్చిందంటే బెంగళూరు పీణ్యలో లేత్ షాపులకు కాలేజీ ప్రాజెక్టు పిల్లల తాకిడి మొదలవుతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో అనంతపురం, కర్నూలు పిల్లలే ఎక్కువ. "అన్నా, వేలెడంత నీడిల్ వాల్వ్, సాయంత్రానికి ఇచ్చెయ్, రేపే టెస్ట్" అంటారు. నీడిల్ వాల్వ్ అంటే సూది మొనతో గ్యాస్ దారిని సన్నగా తెరిచి మూసేది. వాల్వ్ ఇవ్వడానికేం, ఇస్తాం. టెన్షన్ అంతా ఆ రేపటి టెస్ట్ గురించే.

డ్రాయింగ్ చేతికి రాగానే నేను చూసేది స్పిండిల్, అంటే ఆ సూదిని దించి ఎత్తే మరల కడ్డీ. పైనుంచి మర తిప్పి దించేసి, పట్టి ఆపేదేమీ లేకుండా వదిలేస్తారు చాలామంది. తెరుస్తూ తెరుస్తూ ఒక చుట్టు ఎక్కువ తిప్పారో, అది ఊడి మొహం మీదికి వస్తుంది. 6 మిల్లీమీటర్ల స్పిండిల్‌ను 10 బార్ ఒత్తిడిలో ఉన్న గ్యాస్ దాదాపు 3 కిలోల బరువుతో తోస్తుంది. రెగ్యులేటర్ లేకుండా 150 బార్ సిలిండర్‌కే తగిలిస్తే 43 కిలోలు. అందుకే స్పిండిల్‌కు లోపల కాలర్ (చుట్టూ ఉబ్బెత్తు అంచు) ఉండాలి, ఎంత తిప్పినా ఆ కాలర్ పైనున్న నట్‌కు తగిలి ఆగాలి. ఇది లేని డ్రాయింగ్‌ను వెనక్కి ఇచ్చేయడమే నా పద్ధతి, ఎవరేమనుకున్నా సరే.

రెండు రంధ్రాలు లోపల కలిసేచోట బర్, అంటే డ్రిల్ వదిలిన లోహపు చీలిక, మిగులుతుంది. వెలుతురుకు పెట్టి భూతద్దంలో చూడండి. వెంట్రుకంత ఇత్తడి పొర ఊడి సీటు (సూది మొన ఆనే చోటు) మీద కూర్చుంటే వాల్వ్ ఇక మూసుకోదు. మూసుకోవడం లేదని బలంగా బిగిస్తే సూది మొన సీటులో గాడి పెడుతుంది, అక్కడితో ఆ వాల్వ్ పని అయిపోయినట్టే. అసలు నీడిల్ వాల్వ్ ఉన్నది ప్రవాహాన్ని సర్దడానికి. పూర్తిగా ఆపడానికి దాని ముందు ఒక బాల్ వాల్వ్ పెట్టుకోండి. రంధ్రం సైజు విషయంలోనూ "కొంచెమే కదా" అనకండి: 0.5 మిల్లీమీటర్ల బదులు 0.6 డ్రిల్ వాడితే దారి 44 శాతం పెరుగుతుంది.

ఫిట్టింగులు కొనేటప్పుడు బీఎస్‌పీ, ఎన్‌పీటీ అనే రెండు రకాల పైపు మరలను కలిపేయొద్దు. 1/8 సైజులో బీఎస్‌పీకి ఇంచుకు 28 మరలు, ఎన్‌పీటీకి 27. రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది కాబట్టే మోసపోతాం. ఎంత టెఫ్లాన్ టేప్ చుట్టినా ఆ తేడా పోదు.

ఏ గ్యాసో ముందే చెప్పండి. ఆక్సిజన్ అయితే నూనె, గ్రీజు చుక్క కూడా ఉండకూడదు, అంటుకుంటుంది. అమ్మోనియాకు ఇత్తడి పగులుతుంది. ఎసిటిలీన్‌కు రాగి పనికిరాదు. ఎల్పీజీకి మామూలు రబ్బరు ఉబ్బిపోతుంది, నైట్రైల్ రబ్బరు ఓ-రింగ్ (లీకు ఆపే గుండ్రటి రింగు) వేయండి. సైకిల్ ట్యూబ్ కత్తిరించి వాషర్ వేసే మహానుభావులూ ఉన్నారు!

టెస్ట్ ముందు నీళ్లతోనే. 10 బార్‌లో వాడే వాల్వ్‌కు చేతి పంపుతో 15 బార్ ఎక్కించండి, లోపలి గాలంతా పోయాకే. నీళ్లు పెద్దగా నొక్కుకుపోవు కాబట్టి బాడీ చిట్లినా నాలుగు చుక్కలు కారి ఆగుతుంది. అదే గాలితో అయితే ముక్కలు ఎగురుతాయి. తర్వాత బాగా ఆరబెట్టి, తక్కువ ఒత్తిడి గాలితో బకెట్‌లో ముంచండి. మొదటి రెండు నిమిషాల బుడగలు చూసి కంగారుపడొద్దు, మరల సందుల్లో చిక్కిన గాలి అది. ఒకే చోటు నుంచి ఆగకుండా వస్తుంటేనే లీక్. లీక్ కనిపించగానే స్పానర్ పట్టుకోవద్దు. ఒత్తిడి సున్నాకు దించాకే ముట్టుకోండి.

హాస్టల్ గదిలో మాత్రం వద్దు. నైట్రోజన్‌కు వాసన ఉండదు, మూసిన గదిలో నిండితే తెలిసేలోపే కళ్లు తిరిగి పడిపోతారు. ఎల్పీజీ గాలికంటే బరువు, నేలమీద పరుచుకుంటుంది. సోలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకునేది) అయితే దాని స్విచ్, రిలే స్పార్కు చాలు ఆ గ్యాస్ అంటుకోవడానికి, వాటిని దూరంగా పెట్టండి.

ఇంటి సిలిండర్ నుంచి చిన్న డబ్బాలోకి గ్యాస్ మార్చుకోవడానికి వాల్వ్ కావాలని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. అది ప్రమాదం, పైగా నేరం. డబుల్ రేటు ఇస్తామన్నా చేయం.