పబ్బులో తాగేటప్పుడు లెక్క మీ చేతిలో ఉండాలంటే

మందు ఎంత ఎక్కుతుందన్నది గ్లాసుల లెక్కతో తేలదు. ఎన్ని గ్రాముల ఆల్కహాల్ ఎంతసేపట్లో లోపలికి వెళ్లిందన్నదే అసలు లెక్క. పెద్ద నగరాల బార్లలో ఇది కట్టడం ఒకరకంగా సులువు. మంచి చోట పోసేది కొలిచి పోస్తారు, ఆల్కహాల్ శాతం మెనూలోనో సీసా మీదో ఉంటుంది, మూసే వేళంటూ ఒకటి ఉంటుంది. ఇంట్లో కంటి అంచనాతో వంచుకునే పెగ్గు 60 మి.లీ. అనుకుంటే 90 కూడా కావచ్చు. కానీ బార్లో చీకటి, హోరు, వరసపెట్టి వచ్చే రౌండ్లు, సగం గ్లాసు ఉండగానే నింపేసే వెయిటర్లు కలిసి ఆ లెక్కను రెండో గ్లాసు తర్వాత చెదరగొట్టేస్తాయి. అందుకే వెళ్లేముందే ఈ అంకెలు తెలిసుండాలి.

గ్లాసులో ఉన్న మి.లీ.ను శాతంతో గుణించి 100తో భాగించండి. వచ్చినదాన్ని 0.79తో గుణిస్తే గ్రాములు. 5 శాతం బీరు 330 మి.లీ. సీసాలో 13 గ్రాములుంటాయి. 40 శాతం విస్కీ 60 మి.లీ.లో 19. 13 శాతం వైను 150 మి.లీ.లో 15. పైంట్ అంటే అన్నిచోట్లా ఒకటే కాదు: అమెరికాలో 473 మి.లీ., బ్రిటన్‌లో 568. ఆ పెద్ద పైంట్‌లో 5 శాతం బీరు పోస్తే 22 గ్రాములు, 7.5 శాతం క్రాఫ్ట్ బీరు పోస్తే 34. రెండూ చూడ్డానికి ఒకే గ్లాసు. అందుకే డ్రాఫ్ట్ బీరు (ట్యాప్ నుంచి పట్టి ఇచ్చేది) తెప్పించుకునేటప్పుడు పేరుకన్నా ముందు శాతం అడగండి.

అందరూ మోసపోయేది కాక్‌టెయిల్స్ దగ్గర. లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీనే తీసుకోండి. వోడ్కా, టెకిలా, వైట్ రమ్, జిన్, ఆరెంజ్ లిక్కర్ తలా 15 మి.లీ. చొప్పున పోసి, నిమ్మరసం, చక్కెర పాకం కలిపి, పైన కోలా నింపుతారు. కొలత ప్రకారం పోసినా 75 మి.లీ. మందు, దాదాపు 24 గ్రాములు. కానీ తీపి, పులుపు, చల్లదనం ముందు గొంతులో ఏ ఘాటూ తగలదు, పది నిమిషాల్లో గ్లాసు ఖాళీ. జిగ్గర్ (మందు కొలిచే చిన్న గిన్నె) లేకుండా సీసా నుంచి నేరుగా వంచే చోటైతే ఎంత పడిందో ఎవరికీ తెలియదు. అలాంటి చోట కాక్‌టెయిల్స్ జోలికి పోకుండా సీసా బీరు తాగడమే మేలు.

కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగిస్తుంది. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా, వాంతి చేసుకున్నా ఈ వేగం మారదు. రాత్రి 8 గంటలకు మొదలుపెట్టి నాలుగు పెద్ద పైంట్లు తాగితే 90 గ్రాములు. నిదానంగా కరిగించే ఒంట్లో అది పూర్తిగా పోయేసరికి మర్నాడు పొద్దున దాదాపు 9 అవుతుంది. పడుకుని లేచాం కదా అని ఏడింటికి బండి తీసేవాళ్లు ఇంకా తాగి నడుపుతున్నట్టే. ఆడవాళ్ల ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి, బరువు సమానమైనా అదే గ్లాసు వాళ్లకు ఎక్కువ ఎక్కుతుంది. వాళ్లతో పందెం వెయ్యకండి, వెయ్యనివ్వకండి.

ఎక్కే వేగం మాత్రం మన చేతిలో ఉంది. ఆల్కహాల్‌లో ఎక్కువ భాగం రక్తంలోకి చేరేది చిన్నపేగు నుంచి. కడుపులో సరైన భోజనం ఉంటే అక్కడికి పోవడం ఆలస్యమవుతుంది, తాగుతూ నమిలే ఉప్పు చిప్స్ అంత పని చెయ్యవు, పైగా దాహం పెంచుతాయి. కాబట్టి గంట ముందే తినేసి వెళ్లండి. దాహం మందుతో తీర్చుకోకండి. కూర్చోగానే ముందు నీళ్లు తెప్పించుకుని ఒక గ్లాసు తాగండి, ఆ తర్వాత ప్రతి మందు గ్లాసుకీ ఒక నీళ్ల గ్లాసు. గ్యాసున్న వాటితో కలిపితే చాలామందికి తొందరగా ఎక్కుతుంది. ఎనర్జీ డ్రింకుతో కలపడం ఇంకా చెడ్డది. మత్తు అలాగే ఉంటుంది, నిద్ర మాత్రం రాదు, దాంతో ఇంకా తాగగలం అనిపిస్తుంది.

మత్తు శిఖరానికి చేరేది తాగిన అరగంట నుంచి గంటన్నర లోపల. మూసేముందు గబగబా వేసుకున్న రెండు షాట్లు బార్లో తెలియవు, దారిలో తెలుస్తాయి. ఆఖరి గ్లాసును బయల్దేరడానికి గంట ముందే ముగించండి. ఇల్లు చేరే ఏర్పాటు కూడా మొదటి గ్లాసుకు ముందే చేసుకోవాలి, మూడో గ్లాసు తర్వాత అందరూ బాగానే నడపగలమనుకుంటారు.

రౌండ్ల పద్ధతి, అంటే వంతులవారీగా ఒక్కొక్కరు అందరికీ తెప్పించడం గురించి గట్టిగానే చెప్పాలి. నలుగురు కూర్చుంటే అందరూ తాగేది తొందరగా తాగేవాడి వేగంతోనే. మొదటి రౌండ్‌కి ముందే "నా గ్లాసు నేనే తెప్పించుకుంటా" అనండి, మధ్యలో అంటే ఎవరూ వినరు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నప్పుడు రెండోది తర్వాత తెమ్మనండి. రెండూ టేబుల్ మీద ఉంటే ఐసు కరిగిపోతుందని రెండూ తాగేస్తారు. సగమున్న గ్లాసులో మళ్లీ పోయించుకోకండి, లెక్క పోయేది అక్కడే. ప్రతి ఆర్డర్‌నీ ఫోన్‌లో శాతంతో సహా రాసుకుంటే బిల్లు సరిచూసుకోవడానికీ పనికొస్తుంది.

డబ్బు పెట్టి తాగేటప్పుడు సరుకు కూడా చూసుకోవాలి. బీరు గ్లాసు లోపలి గోడకు బుడగలు గుంపులుగా అంటుకుని ఉంటే ఆ గ్లాసు సరిగ్గా కడగలేదు. శుభ్రమైన గ్లాసులో ప్రతి గుటకకీ నురగ ఒక గీతలా గోడ మీద మిగులుతుంది. బీరులో వెనిగర్ వాసనో వెన్న వాసనో వస్తే ట్యాప్‌కు వచ్చే గొట్టాల్లో క్రిములు పెరిగాయేమోనని అనుమానించాలి. వాటిని రెండు వారాలకోసారి కడగడం మంచి బార్ల పద్ధతి. మొహమాటం లేకుండా వెనక్కిచ్చి, సీసా తెప్పించుకోండి. విస్కీ, వోడ్కా లాంటివి సీసా మీ కళ్ల ముందు పెట్టి జిగ్గర్‌తో కొలిచి పొయ్యమనండి.

వదిలేసి వెళ్లిన గ్లాసు మళ్లీ తాగకండి, ఎవరిదైనా సరే. మీ లెక్కకు మించి కాళ్లు తేలిపోతున్నా, మాట తడబడుతున్నా ఎవరో ఏదో కలిపారని అనుకోండి. నమ్మకమైన మనిషికి వెంటనే చెప్పండి, ఒంటరిగా బయటికి వెళ్లకండి, అప్పుడే కలిసినవాళ్లతో అసలే వెళ్లకండి.

లోపలికి అడుగుపెట్టగానే రెండో ద్వారం ఎక్కడుందో చూసుకోండి. 2003లో అమెరికాలోని స్టేషన్ నైట్‌క్లబ్‌లో 100 మంది, 2013లో బ్రెజిల్‌లోని కిస్ నైట్‌క్లబ్‌లో 242 మంది చనిపోయారు. రెండు చోట్లా లోపల కాల్చిన బాణసంచా రవ్వలు, చప్పుడు అణచడానికి అతికించిన ఫోమ్‌కు అంటుకున్నాయి. లోపల నిప్పురవ్వలు ఎగజిమ్మే ఏ ఆట మొదలైనా, గ్లాసు అక్కడే పెట్టేసి బయటికి వచ్చేయండి. హోరు సంగతీ తేలిగ్గా తీసుకోవద్దు. 100 డెసిబెల్స్ దగ్గర చెవికి భద్రమైన సమయం 15 నిమిషాలే. స్పీకర్లకు దూరంగా కూర్చోండి, ఇయర్‌ప్లగ్స్ జేబులో ఉంచుకోండి.

కొందరు ఒక్క గ్లాసూ ముట్టకూడదు. నిద్రమాత్రలు, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నవాళ్లు, గర్భిణులు ఈ కోవలోకి వస్తారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా తాగకూడదు. వాళ్లకు చక్కెర పడిపోతే చూసేవాళ్లకు తాగి తూలుతున్నట్టే ఉంటుంది, సాయం అందదు. మిగతావాళ్లకూ భద్రమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. పైన రాసిన జాగ్రత్తలు ఆ రాత్రి ప్రమాదాన్ని తగ్గిస్తాయి, క్యాన్సర్ ముప్పును తీసెయ్యవు. అది తగ్గాలంటే తాగే రాత్రులూ గ్లాసులూ తగ్గాల్సిందే.

మీతో వచ్చినవాళ్లు పడిపోతే "నిద్రపోనీ, దిగిపోతుంది" అనకండి. కడుపులో ఉన్న మందు ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. భుజం తట్టి పిలిచినా లేవకపోయినా, నిమిషానికి ఎనిమిది సార్లకన్నా తక్కువ ఊపిరి తీసుకుంటున్నా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్ల ఎడం ఉన్నా, పెదాలు నీలంగా మారినా, ఒళ్లు చల్లబడినా అంబులెన్స్‌ను పిలవండి. వచ్చేలోపు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పై మోకాలు మడిచి ముందుకు పెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, చెంప కింద చెయ్యి ఉంచండి, వాంతి అయినా గొంతుకు అడ్డం పడదు. నోట్లో నీళ్లు, మజ్జిగ, కాఫీ ఏదీ పొయ్యొద్దు. ఎంత తాగారో, ఏ మందులు వాడతారో అంబులెన్స్ వాళ్లకు దాచకుండా చెప్పండి, వాళ్లు వచ్చేదాకా పక్కనే కూర్చుని ఊపిరి లెక్కపెడుతూ ఉండండి.