సోమవారం కడుపునొప్పి: బడికి వెళ్లనని మొరాయించే పిల్లలతో ఏం చేయాలి

మా మనవరాలికి ఆదివారం ఒక్కసారి కూడా కడుపు నొప్పి రాలేదు. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు లెక్కలు చెప్పిన నాకు ఈ సంగతి అర్థం కావడానికి నెలన్నర పట్టింది. దసరా సెలవులు అయిపోయాక మొదలైంది. పొద్దున ఏడింటికి కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకునేది. ఆటో వెళ్లిపోయి తొమ్మిదిన్నర దాటాక లేచి ఉప్మా తినేది. దొంగ ఏడుపులు అనుకున్నాను. ఒకరోజు చేయి చేసుకుని, స్కూటరు మీద కూర్చోబెట్టి బడి దాకా తీసుకుపోయాను. గేటు ఊచలు పట్టుకుని అక్కడే వాంతి చేసుకుంది. దొంగ ఏడుపు ఏడవవచ్చు గానీ దొంగ వాంతి చేసుకోవడం ఎవరి తరం?

మేము దేవరకొండలో ఉంటాం. అమ్మాయి, అల్లుడు హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తారు, పిల్ల మా దగ్గరే పెరిగింది. అప్పుడు ఎనిమిదో తరగతి.

ముందుగా మీ పిల్లవాడు ఏ రకమో చూసుకోండి. సంచి తగిలించుకుని బయలుదేరి, చెరువు కట్ట మీద క్రికెట్ ఆడి సాయంత్రం ఇల్లు చేరేవాడు బడి ఎగ్గొట్టేవాడు. వాడి సంగతి ఇంట్లో తెలియదు. ఇంట్లోనే ఉండిపోతాననే పిల్ల వేరు. ఆమె ఎక్కడుందో మీకు తెలుసు, వెళ్లలేకపోవడం ఆమెకూ బాధే. నా సర్వీసులో మొదటి రకాన్ని చాలామందిని పట్టుకున్నాను. రెండో రకాన్ని కూడా అదే కర్రతో తోలబోయాను.

తర్వాత డాక్టరు. ఒక్కసారి, సరిగా. రక్తం తక్కువగా ఉందా, చూపు, వినికిడి బాగున్నాయా, ఆడపిల్లయితే నెలసరి ఇబ్బంది ఉందా, ఇవన్నీ చూపించండి. అన్నీ బాగున్నాయంటే అక్కడితో ఆగండి. మేము ఆగలేదు. ఊళ్లో ఇంజెక్షను, నల్గొండలో స్కానింగు, మళ్లీ ఇంకో చోట ఇంకో స్కానింగు. పరీక్ష పెరిగిన కొద్దీ తనకేదో పెద్ద జబ్బే ఉందని పిల్ల నమ్మింది. మా ఆవిడ తాయెత్తు కూడా కట్టించింది. దాని వల్ల నష్టమేమీ లేదు కాబట్టి నేను నోరు మెదపలేదు. నొప్పి మాత్రం నిజం. భయపడితే కడుపులో మెలిపెట్టినట్టవుతుంది, గుండె దడదడలాడుతుంది, అరచేతులు చల్లబడతాయి. పరీక్ష హాలు బయట నిలబడ్డ ఎవరికైనా ఇది తెలిసిందే.

గోడ క్యాలెండరు మీద నొప్పి వచ్చిన రోజులకు సున్నా చుట్టాను. సోమవారాలు సరే, సెలవు తర్వాతి రోజు ఎవరికైనా బరువే. గురువారాలు ఎందుకు? అది కనిపెట్టాక సగం పని అయింది. పిల్లలు ‘బడి వద్దు’ అంటారు గానీ, వాళ్లను భయపెట్టేది బడిలో ఒక ముక్క. ఆ ముక్క ఏదో తేల్చుకోవాలి.

ఉదయం పూట అడగకండి. ఆటో హారను మోగుతుండగా ‘ఎందుకు వెళ్లవు?’ అంటే ఏ పిల్లా చెప్పలేదు. సాయంత్రం చేతులకు ఏదో పని పెట్టుకుని పక్కపక్కన కూర్చోండి. మేము చేటలో పల్లికాయలు ఒలుస్తూ కూర్చున్నాం. ఎదురెదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది. ‘ఎందుకు’ అనే మాటే వాడకుండా కాగితం మీద రోజంతా గీశాను: నిద్ర లేవడం, యూనిఫాం, ఆటో, గేటు, ప్రార్థన, ఒక్కో పీరియడు, ఇంటర్వెల్, బాత్రూం, అన్నం, ఆటలు, తిరుగు ప్రయాణం. ‘ఒక్కోదానికి భయం మార్కులు వెయ్యి, పదికి ఎన్ని?’ అన్నాను. లెక్కలకు రెండే వేసింది, లోపల కొంచెం గర్వపడ్డాను. బాత్రూంకు ఆరు, తలుపు గడియ పడదట. ప్రార్థనకు తొమ్మిది.

గురువారం వాళ్ల తరగతి వంతు. ఆమె మైకులో వార్తలు చదవాలి. నోరు తెరిస్తే పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. మాది మర్రిగూడ వైపు ఊరు, అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్లు లోపల తయారయ్యే చిన్న వయసులో ఫ్లోరైడు నీళ్లు తాగితే పైపూత పాడవుతుంది, తర్వాత మంచినీళ్లు తాగినా ఆ మచ్చ పోదు. మిషన్ భగీరథ మంచినీళ్ల నల్లా వచ్చేసరికి మా పిల్లకు ఆ నష్టం జరిగిపోయింది. మగపిల్లల వరుసలో నుంచి ఒక మారుపేరు వినిపించేది. ఆ పేరు ఇక్కడ రాయను. చున్నీతో నోరు కప్పుకుని మాట్లాడడం ఆమెకు ఎప్పుడు అలవాటైందో, ఇంట్లో పెద్దవాళ్లం ఇద్దరం ఉండి ఎవరమూ చూడలేదు.

బడికి వెళ్లి మాట్లాడేటప్పుడు ఫిర్యాదు పట్టుకుపోకండి, కోరిక పట్టుకుపోండి. ‘మా బడిలో అలాంటివేమీ లేవండీ’ అన్నది వాళ్ల మొదటి మాట. ఆ కుర్చీలో ఉంటే నేనూ అదే అనేవాణ్ని. కాగితం మీద మూడే రాసి ఇచ్చాను: నెల రోజులు మైకు వద్దు, ప్రార్థన అయ్యాక లోపలికి రానివ్వండి, కష్టమనిపిస్తే వెళ్లి కూర్చోవడానికి ఒక టీచరమ్మను చెప్పండి. బాత్రూం గడియ మాట నోటితో అడిగాను, మర్నాడే బిగించారు. మారుపేరు సంగతి పిల్ల పేరు ఎత్తకుండా తేల్చమన్నాను. అందరి ముందు ‘ఈమెను ఎవరన్నారు?’ అని నిలబెడితే ఆ పిల్ల మళ్లీ గడప దాటదు. భయం టీచరు బెత్తమే అయితే మాట వేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ మాట మర్యాదగా గుర్తు చేయండి.

ఇక మెట్లు. మొదటి రెండు రోజులు బడి వదిలాక సాయంత్రం ఆమెతో కలిసి ఖాళీ ఆవరణలో తిరిగాను. తర్వాత ప్రార్థన అయ్యాక వెళ్లి మూడు పీరియడ్లు, ఆ తర్వాత మధ్యాహ్నం అన్నం దాకా, చివరికి పూర్తి రోజు. అయిదు వారాలు పట్టింది. ఏ రోజూ సున్నా కాకూడదన్నది మా నియమం. పూర్తిగా ఇంట్లో ఉండిపోయిన ప్రతి రోజూ మర్నాటి భయాన్ని పెంచుతుంది. దింపడానికి పిల్ల ఎక్కువగా అతుక్కుపోయే మనిషి వెళ్లకూడదు. మా ఇంట్లో అది అమ్మమ్మ, అందుకని నేను వెళ్లాను. గేటు దగ్గర అప్పగించి వెనుతిరగాలి. కిటికీలోంచి తొంగి చూడకూడదు. నేను ఒకసారి చూశాను, దొరికిపోయాను.

ఇంట్లో ఉన్న గంటలు చప్పగా ఉండాలి. టీవీ లేదు, ఫోను లేదు, బడి వేళల్లో పుస్తకాలే. ఇది శిక్ష అని చెప్పకండి, బడి వేళ బడి పనే అని చెప్పండి. మా ఆవిడ మొదట్లో జాలిపడి మక్క గారెలు వేసి పెట్టేది. గారెల వాసన వస్తుంటే సంచి సర్దుకునేది ఎవరు? సంక్రాంతి సెలవుల తర్వాత మళ్లీ నొప్పి వచ్చింది. మొదటికి పోలేదు, ఒక మెట్టు దిగి మళ్లీ ఎక్కాం.

పాలమూరు వైపు వాళ్లకు ఒక మాట. తల్లిదండ్రులు ముంబై, పుణె వలస పోతే తాత దగ్గరో నాయనమ్మ దగ్గరో మిగిలిన పిల్లలున్నారు. తను బడిలో ఉండగా ముసలామెకు ఏదైనా అవుతుందేమోనని పిల్లవాడు ఇల్లు కదలడు. అలాంటివాడికి అమ్మానాన్నల ఫోను రోజూ ఒకే వేళకు, సాయంత్రం రావాలి. పొద్దున వస్తే ఏడుపుతో బయలుదేరతాడు. పత్తి క్రాసింగ్ పనుల (విత్తనాల కోసం పూలకు చేత్తో పుప్పొడి అద్దడం) కోసం పెద్దలే ఆపేసే పిల్లల సంగతి ఇందులోకి రాదు, అక్కడ మొరాయించేది పెద్దలు.

హాస్టలు పిల్ల పండక్కి వచ్చి తిరిగి వెళ్లనంటే, ఎవరైనా కొట్టారా, ముట్టుకోకూడని చోట ముట్టుకున్నారా అన్నది ముందు అడగండి. అనుమానం ఉంటే మెట్లూ లేవు, సర్దుబాటూ లేదు. తేలేదాకా పంపకండి, పిల్లల సహాయ నంబరు 1098కు ఫోను చేయండి.

పదో తరగతి, ఇంటర్ పిల్లల దగ్గర నా పల్లికాయల మంత్రం అంతగా పారదు. రాత్రి రెండు దాకా ఫోను, పొద్దున లేవలేకపోవడం, టెస్టులో తగ్గిన మార్కులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ముందు నిద్ర వేళ సరిచేయండి, మార్కుల మాట వారం రోజులు ఎత్తకండి, ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలో వాళ్లనే చెప్పమనండి. ఏ దారీ కుదరకపోతే పది, ఇంటర్ చదవడానికి ఓపెన్ స్కూలు ఉంది. అది చివరి మాటగానే ఉంచుకోండి.

రెండు వారాలు ప్రయత్నించినా కదలిక లేకపోతే నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆస్పత్రులకు తీసుకెళ్లి మానసిక వైద్యులకు చూపించండి. ‘పిచ్చి డాక్టరా?’ అని చుట్టాలు అంటారు, అననివ్వండి. మానసిక ఆరోగ్య సలహా కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు. చచ్చిపోతానన్నా, చేతులు కోసుకున్నా, తిండీ నిద్రా మానేసినా రెండు వారాలు ఆగకండి, అదే రోజు వెళ్లండి. పిల్లను ఒంటరిగా వదలకండి.

మా పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న గురువారం మళ్లీ కడుపు పట్టుకుంది.

‘పదికి ఎంత?’ అన్నాను.

కాసేపు ఆలోచించి, ‘నాలుగు, తాతా’ అంది. బూట్లు వేసుకుంది.