మన మండలానికి ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టు వస్తే ఎక్కణ్ణుంచి చదవాలి

చిత్తూరు జిల్లాలో ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచిన పేదరిక నిర్మూలన ప్రాజెక్టు వెలుగులో పనిచేసి రిటైరై, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. విదేశీ సాయంతో ప్రాజెక్టు వచ్చిందనగానే అందులో రాజకీయం ఎంతుందో ఎట్లా పసిగట్టాలని సంఘాల మహిళలు, కొత్తగా చేరిన విలేకరులు అడుగుతుంటారు. నేను చూసే పద్ధతి చెబుతాను.

శిలాఫలకం మీది కోట్ల సంగతి తర్వాత. ఆ డబ్బు తిరిగి కట్టేదెవరో ముందు పట్టుకోండి. మనం సాయం అంటున్నదాంట్లో ఎక్కువ భాగం అప్పే. ప్రపంచ బ్యాంకు కేంద్రానికి ఇస్తుంది, కేంద్రం రాష్ట్రానికి బదలాయిస్తుంది. ఒకప్పుడు మనలాంటి రాష్ట్రాలకు అందులో 30 శాతం గ్రాంటుగా వచ్చేది. కేంద్ర, రాష్ట్రాల మధ్య నిధుల పంపకం సూచించే ఆర్థిక సంఘాల్లో 12వది వచ్చిన తర్వాత బయటివాళ్లు ఏ షరతులతో ఇస్తే అవే రాష్ట్రం నెత్తిన పడుతున్నాయి. 2016లో ప్రత్యేక హోదాకు బదులు ప్యాకేజీ ఇచ్చినప్పుడు మాత్రం, 2015-16 నుంచి 2019-20 వరకు సంతకాలై విడుదలైన విదేశీ అప్పులను తానే తీరుస్తానని కేంద్రం చెప్పింది. అప్పు ఎవరు కట్టాలన్నది కూడా బేరంలోనే తేలుతుంది.

తర్వాత షరతు చూడండి. అది ఎవరికి తగులుతుందో చూడండి. ఇక్కడ తొందరపడొద్దు. 1998లో ప్రపంచ బ్యాంకు ఉమ్మడి రాష్ట్రానికి ఆర్థిక పునర్వ్యవస్థీకరణ అప్పు ఇచ్చింది, దాంతో పాటే విద్యుత్ సంస్కరణలూ వచ్చాయి. ఆ ఏడే విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డు కరెంటు తయారుచేసే జెన్‌కో, సరఫరా చేసే ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000లో చార్జీలు పెరిగాయి, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఆ పెంపు మీద నిరసనకు దిగినవాళ్లపై పోలీసు కాల్పులు జరిగాయి. హైదరాబాద్‌లో కూర్చున్న అధికారులకు చార్జీల పెంపు లోటు తగ్గించే లెక్క. మన పడమటి మండలాల్లో నీళ్లంటే బోరు, బోరంటే కరెంటు. పలమనేరు వైపు టమోటా రైతుకు ఆ లెక్క చేలో తడిగానే అర్థమవుతుంది. 2004లో ప్రభుత్వం మారింది, ముఖ్యమంత్రి తొలి సంతకం ఉచిత విద్యుత్ మీదే. బోర్డు విభజన నిలిచింది, రైతు దగ్గర చార్జీ వసూలు నిలవలేదు. దీన్ని ఓట్ల కోసం చేసిన పని అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. షరతులు రాసేచోట ఆ రైతును ఎవరూ అడగలేదు, ఆయన మాట చెల్లింది ఓటు దగ్గరే.

ఇక ఎన్నికల తేదీలు పక్కన రాసుకోండి. అమరావతికి అనుకున్న 30 కోట్ల డాలర్ల ప్రతిపాదనను కేంద్రం వెనక్కి తీసుకోవడంతో ప్రపంచ బ్యాంకు 2019 జులైలో తప్పుకుంది. 2024 డిసెంబరులో అదే రాజధానికి 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. మధ్యలో మారింది రాష్ట్ర ప్రభుత్వమే.

నాకు బాగా తెలిసింది వెలుగు. 2000లో ఆరు జిల్లాల్లో మొదలైంది, మనది అందులో ఒకటి. తర్వాత ఇందిరా క్రాంతి పథం అయింది. ప్రభుత్వంతో పాటు పేరు మారుతూ వచ్చినా మహిళా పొదుపు సంఘాలు కలిసి ఏర్పరచుకున్న సమాఖ్యలు పోలేదు, ఎందుకంటే అందులో ఆడవాళ్ల సొంత పొదుపు ఉంది. కాబట్టి ప్రాజెక్టు ఊరిదా, పార్టీదా తేల్చుకోవాలంటే గ్రామ సమాఖ్య మినిట్స్ పుస్తకం తెరవండి. తీర్మానం ఎక్కడ ముగిసింది, సంతకాలు ఎక్కడ మొదలయ్యాయి? ఒకచోట నేను చూసిన పేజీలో సంతకాలు, వేలిముద్రలు అడుగున వరసగా ఉన్నాయి, పైన సగం పేజీ ఖాళీ. ముందు సంతకాలు పెట్టించుకుని, లబ్ధిదారుల పేర్లు తర్వాత రాసుకుందామన్నమాట. ఆ ఊళ్లో జాబితా సమాఖ్యలో తయారు కాలేదని అక్కడే తెలిసిపోయింది. పేర్లు చదివి వినిపించాకే సంతకం పెట్టమని అక్కాచెల్లెళ్లకు గట్టిగా చెప్పండి.

కాగితాల కోసం ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. ప్రపంచ బ్యాంకు వెబ్‌సైట్లో ప్రాజెక్టు పేరు కొడితే, అప్పు మంజూరుకు ముందు బ్యాంకు రాసుకునే అప్రైజల్ డాక్యుమెంటు దొరుకుతుంది. అందులో ముందు రిస్కుల భాగం చదవండి, రాజకీయంగా ఏది జారిపోతుందని వాళ్లకు భయమో అక్కడ ఉంటుంది. పని పూర్తయ్యాక వచ్చే కంప్లీషన్ రిపోర్టుతో పోల్చండి. జిల్లాలో ఏ నెలలో ఎంత విడుదలైందో, లబ్ధిదారుల జాబితా ఎవరు ఆమోదించారో సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. భూమో జీవనమో నష్టపోతుంటే, ఇద్దరు బాధితులు కలిసి, బ్యాంకు ప్రాజెక్టుల మీద ఫిర్యాదులు విచారించే ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌కు ఫిర్యాదు రాయొచ్చు. కాకపోతే ముందుగా బ్యాంకు అధికారుల దృష్టికి తీసుకెళ్లి ఉండాలి, ఆ ఉత్తరం నకలు దాచుకోండి.