నవల చేతిలో ఉన్న రాత్రికి వంట, కాక్‌టెయిల్

ముందు నవల తేల్చుకోండి, వంట సంగతి తర్వాత. మెల్లగా ముడి విప్పే అపరాధ పరిశోధన నవలకు చేదు నెగ్రోనీ కాక్‌టెయిల్ బాగా కుదురుతుంది. జిన్, కంపారి (ఎర్రటి చేదు లిక్కర్), స్వీట్ వెర్ముత్ (మూలికలు కలిపిన తీపి వైన్) తలా 30 మి.లీ. ఐసుతో 30 సెకన్లు కలిపి, ఒకే పెద్ద ఐసుముక్క మీద వడకట్టండి. షేకర్‌లో గిలకొడితే నురగొచ్చి మసకబారుతుంది. చిన్న ముక్కలైతే అధ్యాయం ముగిసేలోపే నీళ్లపాలు!

ఒక చెయ్యి పేజీలకు కావాలి కాబట్టి స్పూనుతో తినే బీన్స్ (రాజ్మాలాంటి ఎండు గింజలు) స్టూ చాలు. ఉడికిన బీన్స్ 250 గ్రాములు, టమాటాలు 3, వెల్లుల్లి 4 రెబ్బలు, సన్నసెగ మీద 25 నిమిషాలు. బీన్స్ మెత్తబడకముందే టమాటా వేస్తే పులుపుకి గట్టిగానే ఉండిపోతాయి. గ్లాసు కింద గుడ్డ వేయండి, చెమ్మకి పేజీలు ఉబ్బుతాయి. రెండో గ్లాసు మాత్రం వద్దు, అనుమానితుల పేర్లు కలగాపులగమవుతాయి.