సీతాకోకచిలుక కత్తుల జోడీ: కొలత చూసుకోవడం, పట్టు నేర్చుకోవడం ఎలా?

ఈ పేరుతో నెట్‌లో వెతికితే ముందు ఫిలిప్పీన్స్ మడత చాకులే కనిపిస్తాయి. వాటితో మనకు పని లేదు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ జంట కత్తులు వేరు. వింగ్ చున్ అనే దక్షిణ చైనా కుంగ్‌ఫూ పద్ధతిలో ఈ విద్యను బాట్ జామ్ దో అంటారు. అంటే ఎనిమిది నరుకుడు కత్తులు. బ్రూస్ లీ గురువు ఇప్ మాన్ పద్ధతిలో ఖాళీ చేతులతో చేసే కదలికల వరసలు మూడు, చెక్క బొమ్మ మీద సాధన, పొడవు కర్ర అయ్యాకే వీటి వంతు వచ్చేది. తొందరపడొద్దు.

ముందు చెక్క జోడీ తెచ్చుకోండి. కత్తిని వెనక్కి తిప్పి ముంజేతికి ఆనించి చూడండి. మొన మోచేయి దాటితే అది మీ కొలత కాదు. చేయి మడవగానే ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటుంది. 19వ శతాబ్దపు కత్తుల్లో ఇంతకంటే పొడవైనవి, సన్ననివి, పొడవడానికి పనికొచ్చేవి ఉన్నాయి. ఇప్పటివి పొట్టిగా, వెడల్పుగా ఉంటాయి.

తర్వాత పిడి చూడండి. ఒక పక్క చదునుగా ఉంటుంది. రెండూ ఒకే ఒరలో అతుక్కుని ఒక్క కత్తిలా కనిపించడానికే ఆ ఏర్పాటు. వేళ్ల ముందు వంపు తిరిగిన లోహపు కమ్మీ పిడికిలికి కాపు. కత్తి వీపు వైపు, అంటే పదును లేని అంచు వైపు, పిడి దగ్గర చిన్న కొక్కెం ఉంటుంది. చాలా కత్తులకు మొన వైపు సగమే పదును పెడతారు. పిడి దగ్గరి మొద్దు భాగం దెబ్బ కాచుకోవడానికి.

ఇప్పుడు పట్టు. వేళ్లు కమ్మీ లోపల, మణికట్టు నిటారుగా, మోచేతులు కిందికి. ఒక కత్తి ఎదుటివాడి ఆయుధాన్ని పక్కకు తోస్తున్న క్షణంలోనే రెండోది వాడి చేతి మీదికి వెళ్లాలి. ముందు కాచుకుని తర్వాత కొడదామంటే, అంత పొట్టి కత్తితో పొడవు కర్ర ముందు నిలవలేరు. అడుగు కూడా చేతులతోపాటే పడాలి.

తిప్పడం చివర్లో. పిడికిలి కాస్త వదులు చేసి, బొటనవేలిని కొక్కేనికి తగిలించి తిప్పితే కత్తి ముంజేతి వెంట పడుకుంటుంది. వీపు చేతికి, అంచు బయటికి. అందరూ ముందు దీన్నే నేర్చుకోవాలని చూస్తారు. నేనూ అంతే. చెక్క కత్తి కాబట్టి మోచేయి కమిలి ఊరుకుంది. ఒక్కో చేత్తో నిదానంగా, కత్తిని చూడకుండా తిప్పగలిగేదాకా రెండూ కలిపి పట్టుకోకండి.