బాలింత పనిలోకి రాకముందే యజమాని చూసుకోవలసినవి

ఒడిశాలోని బరంపురం, రాయగడ వైపు దుకాణాలు, కార్ఖానాలు నడిపే మనవాళ్ల కోసం.

• పాలు పిండుకోవడానికి గది సిద్ధం చేయండి. లోపలి నుంచి గడియ పడాలి. కుర్చీ, చేతులు కడుక్కోవడానికి నీళ్లు ఉండాలి. మరుగుదొడ్డి చూపించకండి, అవి బిడ్డ తాగే పాలు. పాలు చేపి రవిక తడిసిపోతే బట్టల మూటల చాటున నిలబడిపోయిన అమ్మాయిని నేను చూశాను. ఫ్రిజ్‌లో ఒక అర ఆమెకు వదలండి.

• బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు చట్టం ఇచ్చిన హక్కు. అడిగించుకోకండి.

• 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసేచోట శిశు సంరక్షణ కేంద్రం తప్పనిసరి.

• ఒడియాలో ఉన్న సెలవు కాగితాలను తెలుగులో చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోండి.

• దిగులు, ఏడుపు రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది జబ్బు కావచ్చు. జీతం కోయకుండా డాక్టరు దగ్గరకు పంపండి.